డీ-అడిక్షన్ సెంటర్లో రిస్క్ ప్రవర్తనను కొలవడం ఎలా? ఆట, క్యాలెండర్, ప్రశ్నావళి

మద్యం, కల్లు, గంజాయి, మత్తు ఇంజెక్షన్లు మానడానికి చికిత్సలో ఉన్నవాళ్లు ఎంత రిస్క్ తీసుకుంటారో కొలవాలనుకున్నవాళ్లు చాలాసార్లు చేసే పని ఒకటుంది. కంప్యూటర్ ఆట ఒకటి దింపుకుని, ముప్ఫై మందిచేత ఆడించి, వచ్చిన సగటు పక్కన ‘రిస్క్ స్కోరు’ అని రాసేస్తారు. పని చెడేది అక్కడే. రిస్క్ అన్న ఒక్క పేరు కింద మూడు వేరువేరు సంగతులున్నాయి. డబ్బు వస్తుందో పోతుందో తెలియని ఆటలో మనిషి ఎక్కడ ఆగుతాడన్నది ఒకటి. తన గురించి తాను ఏం చెప్పుకుంటాడన్నది రెండోది. ఈ మధ్య నిజంగా ఏం చేశాడన్నది మూడోది: తాగి బండి నడిపాడా, ఇంకొకరి సిరంజి వాడాడా, యాప్‌లో అప్పు తీసి పందెం కాశాడా.

ఈ మూడూ ఒకదాన్నొకటి చూపిస్తాయని అనుకోవద్దు. బాసెల్, బెర్లిన్ నగరాల్లో 1,507 మందిని 39 రకాల కొలతలతో పరీక్షించిన అధ్యయనం 2017లో వచ్చింది. అందులో ప్రశ్నావళుల జవాబులు ఒకదానితో ఒకటి బాగానే పొసిగాయి. ఆటల స్కోర్లు మాత్రం ప్రశ్నావళులతోనే కాదు, తమలో తాము కూడా సరిగా కలవలేదు. ఆరు నెలల తర్వాత మళ్లీ కొలిస్తే ఎక్కువగా మారిపోయినవీ ఆటల స్కోర్లే. కాబట్టి మూడు కొలతలూ తీయండి, మూడు నిలువు వరసల్లో విడిగా రాయండి. మూడూ కూడి ఒక మొత్తం తీయొద్దు.

ఈ వివరాలు క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ విద్యార్థులకూ, సెంటర్లలో పనిచేసే కౌన్సెలర్లకూ పనికొస్తాయి.

1. ప్రశ్నను ముందు తేల్చుకోండి

‘ఈ మనిషి ఇంటికెళ్లాక ఏ ప్రమాదంలో పడే అవకాశం ఉంది?’ అన్నదే మీ ప్రశ్న అయితే మీకు కావలసింది ప్రవర్తన క్యాలెండర్. ఆట అక్కర్లేదు. ‘మద్యం వ్యసనం ఉన్నవాళ్ల గుంపు, లేనివాళ్ల గుంపు అనిశ్చితిలో వేరుగా నిర్ణయిస్తాయా?’ అన్నది ప్రశ్న అయితే ఆట కావాలి. ఒక్క రోగిని ఎప్పుడు డిశ్చార్జ్ చేయాలో, అతనికి సెలవు ఇవ్వొచ్చో లేదో ఆట స్కోరు చూసి తేల్చడం మాత్రం తప్పు. అంత భారం మోసే గట్టితనం దానికి లేదు.

రెండు గుంపుల మధ్య మధ్యస్థమైన తేడాను, అంటే ప్రామాణిక విచలనంలో సగాన్ని, 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం 80 శాతం ఉండేలా) పట్టుకోవాలంటే గుంపుకి 64 మంది కావాలి. రెండు కొలతల మధ్య 0.3 సహసంబంధాన్ని పట్టుకోవాలంటే సుమారు 85 మంది. మధ్యలో వెళ్లిపోయేవాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్ల కోసం అదనంగా చేర్చుకోండి. పోలిక గుంపును వయసు, చదువులతో పాటు పొగాకు అలవాటులోనూ సరిపోల్చాలి. వార్డులో ఉన్నవాళ్లలో బీడీ, సిగరెట్, గుట్కా లేనివాళ్లు తక్కువ. కాలేజీ నుంచి తెచ్చిన పోలిక గుంపులో ఆ అలవాటు ఉన్నవాళ్లు తక్కువ. అప్పుడు మీకు కనిపించే తేడా మద్యానిదా, నికోటిన్‌దా అన్నది చివరికి తేలదు.

2. అనుమతి, సమ్మతి, గోప్యత

సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఒక్క ప్రశ్న కూడా అడగొద్దు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఇలాంటి రోగులను తేలికగా ఒత్తిడికి లొంగే స్థితిలో ఉన్నవాళ్లుగా చూస్తాయి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 23వ సెక్షన్ వాళ్లకు గోప్యత హక్కు ఇచ్చింది.

చాలామందిని భార్యో, అన్నో, తల్లో వెంటబెట్టుకొచ్చి చేర్పిస్తారు. సమ్మతి తీసుకునేటప్పుడు ఆ బంధువులు గదిలో ఉండకూడదు. చికిత్స చేసే డాక్టరు సమ్మతి అడగకూడదు, ఎందుకంటే ఆయనకు కాదని చెప్పే ధైర్యం రోగికి ఉండదు. ‘మీరు ఒప్పుకోకపోయినా మందులు, కౌన్సెలింగ్ మామూలుగానే జరుగుతాయి. మీరు చెప్పింది ఇంట్లోవాళ్లకు చెప్పం’ అన్న రెండు వాక్యాలను నోటితో చెప్పండి. కాగితం మీద ఉంది కదా అని వదిలేయొద్దు. చదువురానివాళ్లకు పత్రం మొత్తం చదివి వినిపించి, సంబంధం లేని సాక్షి ఎదుట వేలిముద్ర తీసుకోవాలి. మద్యం దిగుతున్నప్పుడు, వణుకుతున్నప్పుడు పెట్టిన సంతకం చెల్లదనుకోండి. పరీక్ష రోజు మళ్లీ అడగండి.

స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చినవాళ్లకు మాదకద్రవ్యాల నియంత్రణ చట్టమైన ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కింద సొంత వాడకం, చిన్న పరిమాణం కేసుల్లో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంది. అది మీ డేటా కాగితాలకు రక్షణ కాదు. అందుకే సరుకు ఎవరు అమ్మారు, ఎక్కడ కొన్నారు, గొడవలో ఎవరిని కొట్టారు వంటివి అడగొద్దు. చెప్పబోతే ఆపండి, ‘పేర్లు వద్దు, ఎన్నిసార్లో చెప్పండి చాలు’ అనండి.

3. ఏ రోజు, ఏ గంటకు

చాలా అధ్యయనాలు చతికిలపడేది ఇక్కడే. చేరిన మూడో రోజున కూర్చోబెడితే మీరు కొలిచేది రిస్క్ కాదు, విత్‌డ్రాయల్‌ను, అంటే మత్తు ఆపినప్పుడు శరీరం పడే అవస్థను. మద్యం ఆపిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ ఎక్కువగా మొదటి 48 గంటల్లో, డెలీరియం (అయోమయం, భ్రమలు) 48 నుంచి 96 గంటల మధ్య వస్తాయి. వారంలో ఇవి తగ్గినా, వాటి కోసం ఇచ్చిన క్లోర్డయజిపాక్సైడ్, డయాజిపాం శరీరంలో ఇంకా కొన్ని రోజులుంటాయి. ఆ మగతలో మనిషి నెమ్మదిస్తాడు, స్కోరు ‘జాగ్రత్తపరుడు’ అని చూపిస్తుంది. మద్యం రోగుల్ని చేరిన 14 రోజుల తర్వాత, ఆ మందులు ఆపి కనీసం వారం గడిచాక పరీక్షించడం మంచిది. ఆ ఉదయం సివా స్కోరు (మద్యం విత్‌డ్రాయల్ తీవ్రత కొలత) 8 కన్నా తక్కువ ఉండాలి, బ్రెత్ అనలైజర్ సున్నా చూపాలి. ఓపియాయిడ్ (హెరాయిన్ వంటివి) వాడినవాళ్లకైతే కౌస్ స్కోరు (ఓపియాయిడ్ విత్‌డ్రాయల్ కొలత) 5 లోపు ఉండాలి. ఓపియాయిడ్లకు బదులుగా ఇచ్చే బుప్రెనార్ఫిన్ మీద ఉన్నవాళ్లను అందరినీ మందు తీసుకున్నాక ఒకే వ్యవధికి, ఉదాహరణకు రెండు గంటలకు, కూర్చోబెట్టండి.

కల్లు విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్త అవసరం. తెలంగాణ జిల్లాల్లో కల్లులో అల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలపడం పాత సంగతే. ‘నేను కల్లు తప్ప ఏదీ ముట్టను’ అన్నాయన నిజానికి బెంజోడయజిపీన్ (అల్ప్రజోలం, డయాజిపాం జాతి మందు) మీద ఆధారపడి ఉండొచ్చు. ఆ విత్‌డ్రాయల్ ఆలస్యంగా మొదలుకావొచ్చు, వారాల తరబడి సాగొచ్చు. మూత్రపరీక్ష కిట్‌తో తేల్చుకోవాలంటే వార్డులో మొదటి డోసు ఇవ్వకముందే నమూనా తీసుకోవాలి. తర్వాత తీస్తే మీరిచ్చిన మందుకే పాజిటివ్ వస్తుంది.

మోకా వంటి చిన్న మేధోపరీక్ష ముందుగా చేయండి. చాలా ఏళ్లు తాగినవాళ్లలో థయమిన్ (విటమిన్ బీ1) లోపం వల్ల జ్ఞాపకశక్తి దెబ్బతిని ఉండొచ్చు. నియమం గుర్తుండని మనిషి ఆటలో ఏం చేసినా దాన్ని రిస్క్ అనలేం. స్కోరు చూసేటప్పుడు చదువు స్థాయిని లెక్కలోకి తీసుకోండి. చివరి బీడీ ఎన్ని గంటలకు కాల్చారో రాయండి. దగ్గర చూపు కళ్లద్దాలు ఇంట్లో వదిలేసి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి రెండు మూడు పవర్ల రీడింగ్ గ్లాసులు బల్ల మీద ఉంచుకోండి.

4. బెలూన్ ఆట: బార్ట్

లెహ్వే బృందం 2002లో ప్రచురించిన ఈ ఆటను (బెలూన్ అనలాగ్ రిస్క్ టాస్క్, పొట్టిగా బార్ట్) వ్యసన పరిశోధనలో విరివిగా వాడతారు. తెర మీద బెలూన్ ఉంటుంది. ఒక్కో నొక్కుకు కొంచెం గాలి ఎక్కుతుంది, తాత్కాలిక ఖాతాలో కొంత డబ్బు చేరుతుంది. ఎప్పుడైనా ఆపి ఆ డబ్బు తీసుకోవచ్చు. ఆపకముందే పగిలితే ఆ బెలూన్ డబ్బు పోతుంది. మొత్తం 30 బెలూన్లు. ఒక్కోటి 1 నుంచి 128 నొక్కుల మధ్య ఎక్కడైనా పగలొచ్చు, సగటున 64 దగ్గర. ఈ అంకెలు ఆడేవాళ్లకు చెప్పకూడదు.

పెబుల్, సైకోపై వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో దీన్ని నడపొచ్చు. తెలుగు ఒత్తులు, గుణింతాలు తెర మీద విడిపోయి కనిపించే ప్రమాదం ఉంది కాబట్టి సూచనలన్నీ ముందే చిత్రాలుగా చేసి పెట్టుకోండి. టచ్‌ప్యాడ్ వాడొద్దు. వణికే వేళ్లకు అది ఒక నొక్కును రెండు చేస్తుంది. స్పేస్ బార్ గాలికి, ఎంటర్ డబ్బుకు పెట్టి, రెండు కీల మీదా రంగు స్టిక్కర్లు అంటించండి.

పగిలే స్థానాల జాబితా ఖాయమై ఉండాలి, మనిషి మనిషికీ మారిపోకూడదు. ప్రతి పది బెలూన్లకూ సగటు 64 దగ్గర వచ్చేట్టు ముందే తయారుచేయండి. కంప్యూటర్ ఎప్పటికప్పుడు లాటరీ తీస్తే ఒకాయనకు మొదటి మూడు బెలూన్లూ ఐదో నొక్కుకే పగులుతాయి, ఇంకొకాయనకు ఏదీ పగలదు. అప్పుడు తేడా మనిషిది కాదు, అదృష్టానిది.

డబ్బు నిజంగా ఇవ్వాలి. ఉత్తుత్తి పాయింట్లకు ఆడితే చాలామంది ఎలాగైనా త్వరగా ముగించి టీకి వెళ్లిపోవాలని చూస్తారు. నొక్కుకి 20 పైసలు పెడితే బడ్జెట్ ఇలా వస్తుంది. ప్రతి బెలూన్‌నూ 30 దగ్గర ఆపేవాడికి సుమారు 138 రూపాయలు, 64 దగ్గర ఆపేవాడికి 192, 100 దాకా పోయేవాడికి 131. మనిషికి 200 చొప్పున పక్కన పెట్టుకుంటే ఎప్పుడో ఒకరికి తప్ప సరిపోతుంది. డబ్బు పరీక్ష గదిలోనే చేతికివ్వాలా, డిశ్చార్జ్ రోజా, ఫోన్ రీచార్జ్ రూపంలోనా అన్నది సెంటర్‌తో ముందే మాట్లాడుకోండి. ఏది ఎంచుకున్నా అందరికీ ఒకటే పద్ధతి.

సూచనలు ప్రతిసారీ ఇవే మాటల్లో చదవండి:

‘ఇక్కడ 30 బెలూన్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఆకుపచ్చ కీ నొక్కితే గాలి ఎక్కుతుంది. ఒక్కో నొక్కుకు 20 పైసలు. పసుపు కీ నొక్కితే అప్పటిదాకా చేరిన డబ్బు మీ ఖాతాలో పడుతుంది, కొత్త బెలూన్ వస్తుంది. మీరు డబ్బు తీసుకోకముందే పగిలితే ఆ బెలూన్ డబ్బు పోతుంది, అంతకుముందు ఖాతాలో పడింది ఎక్కడికీ పోదు. కొన్ని మొదటి నొక్కుకే పగలొచ్చు, కొన్ని తెర నిండేదాకా ఉండొచ్చు. ఎప్పుడు ఆపాలన్నది పూర్తిగా మీ ఇష్టం. చివర్లో ఖాతాలో ఉన్నది మీకిస్తాం.’

రిస్క్, పరీక్ష, తెగింపు, అత్యాశ అన్న మాటలు నోట రాకూడదు. తర్వాత మూడు నమూనా బెలూన్లు ఆడించండి, వాటిలో ఒకటి తప్పక పగిలేట్టు పెట్టండి. ఆపైన మూడు ప్రశ్నలు: పగిలితే ఏం పోతుంది? ఖాతాలో ముందే పడిన డబ్బు పోతుందా? డబ్బు తీసుకోవాలంటే ఏ కీ? రెండో ప్రశ్న దగ్గరే ఎక్కువమంది తడబడతారు. ఒక్క పగులుడుతో మొత్తం పోతుందనుకున్నవాళ్లు నాలుగైదు నొక్కులకే ఆపేస్తారు, మీరేమో దాన్ని భయంగా రాసుకుంటారు.

గదిలో రోగి, మీరు తప్ప ఎవరూ ఉండొద్దు. వార్డు స్నేహితుడు వెనక నిలబడితే ఆట మారిపోతుంది, ‘కొట్టు అన్నా కొట్టు’ అనడానికి ఒక్కడు చాలు. మీరు కూడా తెర కనిపించని చోట కూర్చోండి. మెచ్చుకోవద్దు, అయ్యో అనొద్దు. ఆడి వచ్చినవాళ్లు వార్డులో చెప్పేస్తారు: ‘యాభై దాకా ఏం కాదురా’ అని. దీనికి పూర్తి విరుగుడు లేదు. సగటు ఒకటే ఉండేలా రెండు మూడు వేరువేరు జాబితాలు చేసి, ఎవరికి ఏది ఇచ్చారో రాయండి. ఒకే వారంలో ఉన్నవాళ్లను వీలైనంత వెంటవెంటనే ముగించండి.

కీబోర్డు మీద చెయ్యి వేయడానికే బెదిరేవాళ్లకు ఇంకో రూపం ఉంది. ప్లెస్కాక్ బృందం 2008లో వాడినట్టు, ప్రతి బెలూన్‌కూ ఎన్ని నొక్కులో ముందే చెప్పమనండి. ఆ సంఖ్య మీరు టైపు చేస్తే కంప్యూటరే గాలి కొడుతుంది. దీనికి ఇంకో లాభం ఉంది, అది స్కోరు దగ్గర చెబుతాను. అయితే ఒకే అధ్యయనంలో సగం మందికి ఒక రూపం, సగం మందికి ఇంకో రూపం పెట్టొద్దు.

అయోవా గ్యాంబ్లింగ్ టాస్క్ అని 1994 నుంచి ఉన్న పేకల ఆటను కూడా చాలామంది వాడతారు. నాలుగు కట్టలు, 100 ఎంపికలు. ఏ కట్ట మంచిదో ఆడుతూ నేర్చుకోవాలి కాబట్టి జ్ఞాపకం, నేర్పు, రిస్క్ మూడూ కలిసిపోతాయి. పైగా ఎప్పుడో ఒకసారి మాత్రమే పెద్ద నష్టం వచ్చే బి కట్టను ఏ వ్యసనమూ లేనివాళ్లు కూడా ఇష్టంగా లాగుతారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు దాన్ని సిఫారసు చేయను.

5. ప్రవర్తన క్యాలెండర్

మూడింటిలో పనికొచ్చేది ఇదే. శ్రమ కూడా దీనికే ఎక్కువ, సుమారు 40 నిమిషాలు. సోబెల్ దంపతులు తయారుచేసిన టైమ్‌లైన్ ఫాలోబ్యాక్ పద్ధతి దీనికి ఆధారం.

వార్డులో ఉన్న మనిషిని ‘గత నెలలో’ అని అడిగితే సగం నెల తాళాల వెనక గడిచి ఉంటుంది, జవాబు సున్నా వస్తుంది. అందుకే మీరు అడిగే కాలాన్ని చేరిన తేదీ నుంచి వెనక్కి 90 రోజులుగా పెట్టండి. ఆ 90 రోజుల క్యాలెండర్‌ను పెద్ద కాగితం మీద అచ్చువేసి ఇద్దరి మధ్యా పరచండి. మొదట తాగుడు గురించి అడగొద్దు. గుర్తులు నింపండి: పండగలు, ఊళ్లో జాతర, బోనాలు, పెళ్లిళ్లు, చావులు, జీతం వచ్చిన రోజు, కూలీ డబ్బు చేతికొచ్చే శనివారాలు, ఆసుపత్రి, పోలీస్ స్టేషన్, అత్తగారిల్లు. తర్వాత అసలు తాగని రోజులేవో గుర్తుపట్టించండి. ఆ తర్వాతే రోజుకి ఎంత అన్నది.

కొలత జనం మాటల్లో అడిగి, లెక్క మీరు కట్టండి. విస్కీ, బ్రాందీ క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. 42.8 శాతం లెక్కన సుమారు 61 గ్రాముల ఆల్కహాల్, అంటే 10 గ్రాముల ప్రమాణంలో ఆరు డ్రింకులు. 650 మిల్లీలీటర్ల బీరు 5 శాతమైతే రెండున్నర, 8 శాతం స్ట్రాంగ్ అయితే నాలుగు. నాటుసారాకు, కల్లుకు ఇలాంటి మార్పిడి పెట్టొద్దు. వాటి గాఢత బట్టీ బట్టీకీ, దుకాణం దుకాణానికీ మారుతుంది. సీసాల్లోనే రాయండి.

తాగుడు నిండాక అదే కాగితం మీద రిస్క్ సంఘటనలను వేరే రంగుతో గుర్తించండి. ఈ ప్రాంతంలో అడగదగ్గవి: తాగి బైకో, ఆటోనో, ట్రాక్టరో నడపడం, తాగినవాడి వెనక కూర్చుని వెళ్లడం, తాగి బావిలోకో చెరువులోకో దిగడం, స్తంభమో చెట్టో ఎక్కడం, మద్యంలో నిద్రమాత్రలు కలపడం, కొట్లాట, కండోమ్ లేకుండా భార్య లేదా భర్త కాని వ్యక్తితో కలవడం, సూదో, సిరంజో, మందు కలిపిన నీళ్లో ఇంకొకరితో పంచుకోవడం, క్రికెట్ బెట్టింగ్, ఆన్‌లైన్ రమ్మీ, లోన్ యాప్ అప్పు. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీపై నిషేధం ఉంది కాబట్టి దాన్ని దాస్తారు. చివర్లో అడగండి, ‘ఆడావా?’ అనకుండా ‘ఎన్నిసార్లు డబ్బు పెట్టి ఉంటారు?’ అనండి.

లెక్కతో పాటు అవకాశాన్నీ రాయాలి, ఇదే చాలామంది మరిచేది. బండి లేని మనిషి తాగి బండి నడిపిన రోజులు సున్నా అంటే జాగ్రత్తపరుడని కాదు. ‘తాగిన రోజులు 60, అందులో బండి చేతిలో ఉన్న రోజులు 40, నడిపినవి 30’ అని మూడు అంకెలూ కావాలి. 40కి 30 అన్న నిష్పత్తే అతని రిస్క్. అవకాశమున్న రోజుల అంకె లేని డేటాలో డబ్బున్నవాళ్లే ఎక్కువ రిస్క్ తీసుకుంటున్నట్టు తేలుతుంది, బండ్లు ఎక్కువ వాళ్ల దగ్గరే ఉంటాయి గనక.

ఇంజెక్షన్లు వాడేవాళ్లు ఉన్న కేంద్రంలో, ముఖ్యంగా ఓఎస్‌టీ సెంటర్లో (ఓపియాయిడ్లకు బదులు మందు ఇచ్చే కేంద్రంలో), డార్క్ బృందం 1991లో ఆస్ట్రేలియాలో తయారుచేసిన హెచ్‌ఐవీ రిస్క్ ప్రవర్తన స్కేలును కూడా కలపండి. 11 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5, మొత్తం 55. అందులో సూది వాడకం భాగం 30కి, లైంగిక భాగం 25కి. అది గత నెల గురించి అడుగుతుంది. వార్డులో ఉన్నవాళ్లకు ‘చేరకముందు నెల’ అని మార్చి, మార్చినట్టు నివేదికలో చెప్పండి. మద్యం రోగులే ఉన్న వార్డులో దీన్ని వాడితే సూది భాగం అంతా సున్నాలతో నిండిపోతుంది. మొత్తం స్కోరు చూసి ‘రిస్క్ తక్కువ’ అని రాసేవాళ్లున్నారు, మీరు రాయకండి.

లైంగిక ప్రశ్నలను మగవాళ్లను మగవాళ్లు, ఆడవాళ్లను ఆడవాళ్లు అడిగితే జవాబులు వస్తాయి. నోటితో చెప్పలేకపోతే ప్రశ్నకు అంకె వేసిన కార్డులిచ్చి, కార్డు మీద వేలు పెట్టమనండి.

6. ప్రశ్నావళి

ఇక్కడ తక్కువే మేలు. ‘సాధారణంగా మీరు రిస్క్‌కి ఎంత సిద్ధపడే మనిషి? అస్సలు సిద్ధపడరు అంటే 0, పూర్తిగా సిద్ధపడతారు అంటే 10’ అన్న ఒక్క ప్రశ్న జర్మనీ గృహ సర్వేల్లో ఏళ్లుగా వాడకంలో ఉంది. పది మెట్లున్న నిచ్చెన బొమ్మ చూపిస్తే చదువురానివాళ్లూ చెబుతారు, నేల సున్నా.

డోస్‌పర్ట్ అనే 30 అంశాల రిస్క్ ప్రశ్నావళిని యథాతథంగా తెలుగులోకి దించొద్దు. సన్‌స్క్రీన్ లేకుండా ఎండలో పడుకోవడం, తన నేర్పుకు మించిన కొండవాలు మీద స్కీయింగ్ (మంచు మీద జారడం) గుంటూరు మిర్చి యార్డు హమాలీకి రిస్కులు కావు, అర్థంలేని ప్రశ్నలు. అంశాలు మారిస్తే దాన్ని ‘అనుసరణ’ అని పిలవాలి, పాత సగటులతో పోల్చకూడదు. ఏ ప్రశ్నావళినైనా ఒకరు తెలుగు చేయాలి, మూలం చూడని ఇంకొకరు తిరిగి ఇంగ్లిష్ చేయాలి. ఆపైన ఎనిమిది, పదిమంది రోగుల ముందు పెట్టి ‘ఈ ప్రశ్నలో ఏమడుగుతున్నారు?’ అని చెప్పించాలి. తెలంగాణ పల్లె మనిషికీ, కోస్తా మనిషికీ మాట తేడా ఉంటుంది, రెండు వైపులవాళ్లనూ కూర్చోబెట్టండి.

ఆగలేని తొందరపాటును (ఇంపల్సివిటీ) కూడా కొలవాలంటే కిర్బీ 27 ప్రశ్నల ఎంపిక జాబితా సరిపోతుంది. ‘ఈరోజు 110 రూపాయలా, వారం తర్వాత 300 రూపాయలా’ లాంటివి. డాలర్ల అంకెల్ని అన్నిటినీ ఒకే గుణకంతో పెంచితే లెక్క చెడదు. అయితే అది కొలిచేది ఆగలేకపోవడాన్ని, రిస్క్‌ను కాదు. మాట తప్పిన చిట్టీల, ఎగ్గొట్టిన బాకీల అనుభవం ఉన్నవాళ్లు ‘తర్వాత’ అన్నదాన్నే నమ్మరు. డబ్బు తప్పకుండా వస్తుందని ముందే స్పష్టంగా చెప్పాలి.

ఒకే రోజు మూడూ చేయాలంటే ఆట ముందు, ప్రశ్నావళి తర్వాత, క్యాలెండర్ చివర. క్యాలెండర్ ముందు పెడితే తన తప్పులన్నీ ఒప్పుకున్న మనిషి ఆటలో బుద్ధిమంతుడిలా ఆడతాడు. మధ్యలో పదిహేను నిమిషాలు, టీ ఇవ్వండి.

7. స్కోరు కట్టడం, చదవడం

బార్ట్‌లో పగలని బెలూన్ల నొక్కులు మాత్రమే కూడి, వాటి సంఖ్యతో భాగించాలి. 30లో 9 పగిలాయి, మిగిలిన 21లో మొత్తం 651 నొక్కులు అంటే స్కోరు 31. పగిలినవాటిలో మనిషి ఎక్కడ ఆపేవాడో తెలియదు కాబట్టి వదిలేస్తాం. కానీ పగిలేవి ఎక్కువగా అతను దూరం పోదామనుకున్న బెలూన్లే కాబట్టి ఈ స్కోరు దూకుడైనవాళ్లను తక్కువ చేసి చూపిస్తుంది. ముందే సంఖ్య చెప్పించే రూపంలో ఈ లోపం ఉండదు. పగిలినవాటి సంఖ్య విడిగా ఇవ్వండి. మొదటి పది, మధ్య పది, చివరి పది సగటులు కూడా విడిగా కట్టండి. పగలని బెలూన్లు పదికన్నా తక్కువైతే ఆ స్కోరుకు గుర్తు పెట్టండి. ప్రతి బెలూన్‌కూ ఒక్క నొక్కు కొట్టి డబ్బు తీసుకున్నవాళ్లు, ఆగకుండా అన్నిటినీ పగలగొట్టినవాళ్లు ఆట ఆడలేదు. వాళ్లను తీసేసే నియమాన్ని డేటా చూడకముందే రాసిపెట్టుకోండి.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు: ఎక్కువ నొక్కులు కొట్టినవాడు చెడ్డ నిర్ణయం తీసుకున్నట్టు రాయడం. పై లెక్క మళ్లీ చూడండి, 30 దగ్గర ఆపినవాడికన్నా 64 దగ్గర ఆపినవాడికే ఎక్కువ డబ్బు వస్తుంది. ఏ వ్యసనమూ లేనివాళ్లు కూడా 64కి చాలా ముందే ఆపేస్తారు. అంటే 50 స్కోరు వచ్చిన రోగి ఆటను బాగా ఆడినట్టు. చికిత్సలో ఉన్నవాళ్లందరి స్కోర్లూ ఎక్కువే వస్తాయనీ అనుకోవద్దు, పరిశోధనల ఫలితాలు రెండు వైపులా ఉన్నాయి. కుంగుబాటు, మగత ఉన్నవాళ్లు తక్కువకే ఆపుతారు. అందుకే పీహెచ్‌క్యూ-9 (కుంగుబాటు కొలిచే ప్రశ్నావళి) స్కోరు, వాడుతున్న మందులు, వయసు, చదువు, పొగాకు పక్కనే ఉండాలి.

క్యాలెండర్ లెక్కల్లో సున్నాలు ఎక్కువ, కొందరివి చాలా పెద్ద అంకెలు. మామూలు సగటు మోసం చేస్తుంది. మధ్యగతం (మీడియన్), ‘కనీసం ఒక్కసారి చేసినవాళ్లు ఎందరు’ అన్న రెండూ ఇవ్వండి.

8. బయటపడ్డవాటికి ఏం చేయాలి, మళ్లీ ఎప్పుడు కొలవాలి

సూది పంచుకున్నానని చెప్పినవాళ్లకు ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్‌ఐవీ కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రం) హెచ్‌ఐవీ పరీక్ష, 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద హెపటైటిస్ బీ, సీ పరీక్షలు ఉచితమని అదే రోజు చెప్పండి. తీసుకెళ్లే మనిషిని కూడా కుదర్చండి. చచ్చిపోవాలన్న ఆలోచన బయటపెడితే ఇంటర్వ్యూ అక్కడే ఆపి డ్యూటీ డాక్టర్‌ను పిలవాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 నంబర్లున్న కార్డు ప్రతి ఒక్కరి చేతిలో పెట్టండి, అడిగినా అడగకపోయినా.

మళ్లీ కొలిచేది డిశ్చార్జ్ అయిన 90 రోజులకు, అంతే 90 రోజుల కాలానికి. బార్ట్‌కు రెండో జాబితా వాడండి. తిరిగి రానివాళ్లలో మళ్లీ తాగుడు మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా ఉండొచ్చు కాబట్టి, వచ్చినవాళ్ల సగటు చూసి రిస్క్ తగ్గిందనడం తొందరపాటు. వచ్చినవాళ్లవి, రానివాళ్లవి మొదటి కొలతలు పక్కపక్కన వేసి చూడండి. ఫోన్లో క్యాలెండర్ నింపొచ్చు, బెలూన్ ఆట మాత్రం కుదరదు. ఫోన్ భార్య ఎత్తితే ‘ఆసుపత్రి నుంచి’ అనొద్దు, ఏ పేరుతో పిలవాలో, ఏ సమయంలో చేయాలో రోగినే ముందుగా అడిగి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం, పేర్లకు బదులు వాడే కోడ్ నంబర్ల జాబితా ఒక బీరువాలో, స్కోర్లు ఇంకో చోట ఉండాలి. రెండు తాళాలూ ఒకే మనిషి దగ్గర ఉండకూడదు.